నక్షత్రం టోపీ

"నక్సలైటు డ్రెస్సు. చొక్కా, ప్యాంటు, టోపీ. టోపీ మీద ఎర్ర నక్షత్రం. సాయంత్రానికల్లా కావాలి."

ఆకుపచ్చ గుడ్డ బల్ల మీద పడేశాడు ఆ మనిషి. ఊరికి కొత్త. మామూలు బట్టల్లోనే ఉన్నాడు గానీ కాళ్ళకు పోలీసు బూట్లు.

టైలరు సత్యకుమారి ఆ బూట్లు చూసీ చూడనట్టు ఊరుకుంది. తమ్ముడు దుర్గాసాయిని పామాయిల్ తోట దగ్గర పోలీసులు జీపెక్కించుకెళ్ళి నాలుగు రోజులైంది. స్టేషనుకెళ్తే "మేం తీసుకురాలేదు" అన్నారు. "వాళ్ళ దగ్గరే ఉన్నాడనడానికి ఒక్క ఆధారం తేమ్మా, జడ్జిగారి ముందు పెడతాను" అన్నారు ప్లీడరు అమ్మిరాజు గారు. ఎక్కణ్ణించి తేవాలి?

"ఎందుకండీ ఈ వేషం?"

"నాటకానికి."

"నక్షత్రం ఎంతుండాలండి?"

"పెద్దదే వెయ్యి. ఫొటోలో కనపడాలి."

"నాటకం ఫొటోలో చూస్తారేంటండి?"

అతను ముఖం చిట్లించాడు.

ఆమె పెదవి విరిచింది. ఆ నక్షత్రాన్ని గోడల మీద గీసేవాళ్ళన్నా ఆమెకు గౌరవం లేదు. తుపాకీ చంకన పెట్టుకుని పేదింటి అన్నమే తినిపోతారు, పేదల కోసమేనంటూ. ఇప్పుడు ఈ బూట్ల దొరలు. జానెడు ఎర్రగుడ్డ కుట్టిస్తే చాలు, ఎవణ్ణయినా నక్సలైటును చేసెయ్యొచ్చనుకుంటారు.

"కొలతలకి మనిషిని తీసుకురండి."

"వాడు రాలేడు. ఇదిగో, ఆది చొక్కా."

కాగితం పొట్లం విప్పి, మాసిన చొక్కా ఒకటి విసిరాడు.

సత్యకుమారి దాన్ని తిరగేసింది. కాలరు లోపలి కుట్టు తడిమింది. టేపు పెట్టి కొలిచింది గానీ అంకెలు రాసుకోలేదు.

"ఎవరో గానీ కుట్టు బాగానే కుట్టారండి."

"కొలిచావుగా, కబుర్లాపి ఆ చొక్కా తిరిగిచ్చెయ్."

"ఆది లేందే కత్తెర పెట్టనండి. చంకలో బిగిస్తే మీ హీరోగారు తుపాకీ ఎలా ఎత్తుతారు? రేపు రండి, రెండూ కలిపి ఇస్తాను."

"సాయంత్రానికన్నానా!"

"కంగారులో నక్షత్రం వంకరపోతే మీ ఫొటో పాడవదేంటండి?"

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బూట్ల చప్పుడు సందు మలుపు తిరిగింది. సత్యకుమారి గుడ్డను కత్తిరించనైనా లేదు. షాపు మూసేసి, ప్లీడరు గారింటికి ఒకటే పరుగు. ఆయన బల్ల మీద ఆ మాసిన చొక్కా పరిచింది.

"ఇదేంటమ్మా?"

"మా తమ్ముణ్ణి జీపెక్కించినప్పుడు వాడి ఒంటి మీదున్న చొక్కా అండి, నేనే కుట్టాను."