నాలుగో మచ్చ

అత్తగారు తనను క్షమించే పోయిందా అన్న అనుమానం కోడలిని పదకొండేళ్లుగా వదల్లేదు. దేవుడి ముందు ఆ మాట అడగని సాయంత్రం లేదు. మంచం పట్టిన ఆవిడ రోజూ ఒక్కటే కోరేది: "పైకప్పుకి ఆకాశం రంగు వేయించవే, చూస్తూ పడుకుంటాను." "వచ్చే ఏడు చూద్దాం లెండి అత్తయ్యా" అంటూ కోడలు రోజులు నెట్టేసింది.

ఇప్పుడు ఇల్లు అమ్మకానికి పెట్టారు. పెయింటరు అత్తగారి గది కప్పు మీద మూడు రకాల తెలుపు మచ్చలు వేశాడు. "రాత్రి లైటులో చూసి ఎంచుకోండమ్మా. కప్పుకి తెలుపు, గుమ్మాలకి లేత గోధుమ రంగు ఉంటే కొనేవాళ్లు మారుమాట్లాడరు" అని చెప్పి వెళ్లాడు.

రాత్రి ఆమె ఒక్కతే లైటు వేసి చూసింది. మచ్చలు నాలుగున్నాయి. నాలుగోది నీలం, సరిగ్గా పాత మంచం ఉండే చోటికి పైన. అందులోంచి తడి చుక్క ఒకటి ఆమె నుదుటి మీద పడింది. ఇంట్లో నీలం డబ్బాయే లేదు.

"తప్పయిపోయింది అత్తయ్యా" అంటూ పెయింటరు వదిలి వెళ్లిన నిచ్చెన ఎక్కింది. తెల్లరంగులో ముంచిన బ్రష్ కప్పుకి తగలగానే నీలమైంది. ఆఖరి మూల కూడా పూసి, "మీ బాకీ తీరింది, దిగనా?" అని అడిగింది.

కింద, ఏనాడో అమ్మేసిన మంచం కిర్రుమంది.

"అడ్డు తప్పుకోవే, కనబడటం లేదు" అంది అత్తగారు.

నిచ్చెన కదిలింది.