చివరి గదిలో కోళ్లు

"ఏయ్ పెద్దాయనా, నా పెట్టని దించు!"

గుమ్మంలో నిలబడి లామెయ్ అరిచింది.

గెన్‌షెంగ్ దించలేదు. చేతిలో ఉన్న మచ్చల పెట్టను ఇంకా పైకెత్తి, గోడ వారగా కట్టిన వెదురు దండెం మీద కూర్చోబెట్టాడు.

"కిందుంటే కోడిపిల్లల్ని పొడుస్తోందమ్మాయ్. పొద్దున్నే ఒకదాని నెత్తి చిట్లగొట్టింది."

"ఎవరి పిల్లలు? ఆ పక్క గది యిన్‌హువా కోడిపిల్లలేగా! వాటికి కిటికీ పక్కన ఎండా, గాలీనా? నా పెట్టలకి రేకుల కింద ఇరుకా?"

"పెద్దవాళ్లు పైన కూర్చోవాలి. అది మర్యాద."

"నాకు నేర్పకు మర్యాదలు."

"నీకు కాదు, దానికి చెబుతున్నా. అత్తగారు కదా!"

ఆ మచ్చల పెట్టకు అతను పెట్టిన పేరు అత్తగారు.

లామెయ్‌కి నవ్వు తన్నుకొచ్చింది. తగవుకొచ్చి నవ్వితే ఏం బాగుంటుందని మొహం తిప్పుకుంది.

ఆ వానాకాలంలో కొండ విరిగిపడి వాళ్ల ఊరు మట్టికింద పోయింది. ముందే హెచ్చరిక రావడంతో మనుషులు బయటపడ్డారు. ఆడవాళ్లు చేతికందిన కోళ్లను వీపుబుట్టల్లో వేసుకుని మరీ దిగొచ్చారు.

రోడ్డు పక్కన సర్కారువాళ్లు నీలం రేకుల గదులు వరసగా వేసి, ఇంటికొకటి ఇచ్చారు.

"గదుల్లో కోళ్లు కుదరవు. అమ్మేసుకోండి" అని చెప్పి వెళ్లింది ఆఫీసు అమ్మాయి.

ఇల్లు పోయినప్పుడు కూడా ఏడవని లామెయ్, బుట్టను ఒళ్లో పెట్టుకుని ఆ సాయంత్రం రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది.

మర్నాడు చూస్తే వరసలో చివరి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరో నెరిసిన గడ్డం మనిషి వెదురు చీలుస్తున్నాడు.

"తెండమ్మా మీ కోళ్లని" అన్నాడు. అతనే గెన్‌షెంగ్.

ఆఫీసువాళ్లే మనసు మార్చుకుని కాపలా మనిషిని పంపారనుకున్నారు అందరూ.

అందరి కోళ్లకీ ఆ ఒక్క గదే. ముసలి పెట్టలు, పొగరుబోతు పుంజులు, అప్పుడే ఈకలు తొడుగుతున్నవి, నిన్న గుడ్లలోంచి వచ్చినవి, అన్నీ అందులోనే. గెన్‌షెంగ్ గదిని నేల మీద కాకుండా గోడల మీద పెంచాడు. పెద్దవాటికి పైన దండేలు కట్టాడు. కింద ఓ మూల పిల్లలు మాత్రమే దూరగలిగేలా సందులు వదిలి వెదురు తడక నిలబెట్టాడు. పిల్లలు అందులో దూరి నూకలు తింటుంటే, అత్తగారు బయట నిలబడి సందులోంచి మెడ చాచేది. మెడ పట్టేది, ఒళ్లు పట్టేది కాదు.

"చూడక్కా, మీ కోడికి ఎంత ఉక్రోషమో!" అని యిన్‌హువా పడీపడీ నవ్వేది.

గెన్‌షెంగ్ మాత్రం బయట చూరు కింద చెక్క వేసుకుని పడుకునేవాడు. జల్లు కొట్టినప్పుడు గోనెపట్టా కప్పుకునేవాడు.

ఒక సాయంత్రం లామెయ్ పేలాలు వేసిన వేడివేడి టీ పట్టుకెళ్లింది.

"ఈ జల్లులో ఇక్కడెందుకు పడుకుంటావ్?"

"రేకుల గదిలో నాకు ఊపిరాడదమ్మాయ్."

"జీతం తీసుకుంటున్నాక కాపలా కాయాలిగా మరి!"

అతను టీ ఊదుకుంటూ తలూపాడు.

చలికాలం రాకముందే మరో రెండు పెట్టలు పొదిగాయి. గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎదిగిన పిల్లలు తడక సందుల్లో పట్టడం లేదు. బయటికొస్తే పెద్దవి చీల్చేస్తున్నాయి.

"తలా ఒక పెట్టని అమ్మేస్తే మిగతావి బాగుంటాయి" అన్నాడు గెన్‌షెంగ్.

ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"యిన్‌హువా అమ్ముతుంది. గుడ్లు పొదిగిస్తోంది తనేగా" అంది లామెయ్.

"ముసలి వాటిని పెట్టుకుని కూర్చున్నది నువ్వేగా అక్కా!"

"నా అత్తగారి జోలికొస్తే ఊరుకోను!"

గెన్‌షెంగ్ ఇద్దరినీ చూసి, చూరు కింద తన చెక్క దగ్గరికి నడిచాడు.

మర్నాటికి చూరు కింద అతని చెక్క లేదు. ఆ జాగా చుట్టూ వల బిగించి ఉంది. ఎదిగిన పిల్లలన్నీ అందులో రెక్కలు టపటపలాడించుకుంటూ తిరుగుతున్నాయి.

"మరి నువ్వెక్కడ పడుకుంటావ్?" అంది లామెయ్.

"పట్నంలో మా చెల్లెలి కొడుకున్నాడు. ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు."

"అంటే పని మానేస్తున్నావా? వీటిని మా నెత్తిన పడేసి?"

"నీకంటే బాగా ఎవరు చూస్తారు? అత్తగారికి రోజూ నాలుగు మెతుకులు ఎక్కువెయ్. అలిగిందంటే గుడ్డు పెట్టదు."

లామెయ్ గొణుక్కుంటూనే లోపలికెళ్లి, జిగురన్నం ముద్దలు ఆకులో చుట్టి, పులియబెట్టిన చేపముక్క ఒకటి పైన పెట్టి తెచ్చింది. బస్సు కదిలేదాకా రోడ్డు మీదే నిలబడింది.

ఎక్కడ దిగుతాడో అడగాలని బస్సు మలుపు తిరిగాక తోచింది.

కొత్త సంవత్సరం దగ్గర పడుతుండగా ఆఫీసు అమ్మాయి గదులు చూసుకోవడానికి వచ్చింది. చివరి గది దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఇదేంటి, కోళ్లు! గెన్‌షెంగ్ తాతేడీ?"

"మీ కాపలా మనిషేగా? చలికాలం ముందే మానేసి పోయాడు" అంది లామెయ్, ఒళ్లో అత్తగారిని సర్దుకుంటూ. "కాస్త మంచివాడిని చూసి ఇంకొకర్ని పంపండి. ఆయనంతటి వాడు దొరకడనుకోండి."

ఆ అమ్మాయి అయోమయంగా చూసింది.

"కాపలా మనిషేంటి పిన్నీ? పక్క లోయలో ఆయన ఇల్లు కూడా కొట్టుకుపోతే, ఈ గది ఆయన ఉండటానికి ఇచ్చాం."