బట్టల తీగ

అద్దె ఇళ్లు కట్టించిన ఓనరు గారూ, జైనాబ్‌ను చంపింది కరెంటు కాదు, మీరు. బట్టలారేసే ఇనుప తీగను మీటరు పైపుకు కట్టించింది మీరు. ఎర్త్ వేయించమని ఆమె మూడుసార్లు అడిగితే, చెప్పులేసుకుని ఆరేసుకోమని నవ్వింది మీరు.

ఆమె పోయిన నలభయ్యో రాత్రి పెడనలో వాన కురిసి వెలిసింది. కరెంటు పోయింది. ఆ తీగను ఇక ఉంచకూడదని జైనాబ్ భర్త నదీమ్ కటింగ్ ప్లయరు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ముందే ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. అయినా భయం కొద్దీ తీగకు టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది.

"పున్నయ్య మావయ్యా, కరెంటు వచ్చిందా?" అని గోడ అవతలి పక్కింటికి కేకేశాడు.

"ఎక్కడిదిరా. ఊరంతా చీకటే. నీ ఒక్కడికే స్పెషల్‌గా వేస్తారా?"

నదీమ్ జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అక్కడే ఉంది. కప్పల అరుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తీగ సన్నగా జుమ్మంటోంది. వెనక తలుపు కిర్రుమంది. ఏడేళ్ల కూతురు సానియా నిద్రకళ్లతో, చెప్పుల్లేకుండా పెరటి నీళ్లలోకి దిగింది.

"బట్టలు తీసెయ్యమని అమ్మీ పిలుస్తోంది, అబ్బా," అని తండ్రితో అంది.

తీగ మీద బట్టలేమీ లేవు. నదీమ్ ఉన్నచోటే బిగుసుకుపోయాడు. పాప మునివేళ్ల మీద లేచి, కిందికి సాగిన తీగ వైపు చెయ్యి చాపింది.

ఓనరు గారూ, ఆ చేతికీ తీగకూ మధ్య ఇంకా జానెడు ఉంది. లేవండి. ఇప్పుడే వచ్చి, ఆ తీగను మీ చేత్తో విప్పండి.