ఎదురొచ్చిన కుర్చీ

“ఆ కుర్చీ కాస్త అటు తిప్పించండమ్మా, పుణ్యముంటుంది.”

అక్క గొంతు తగ్గించే అడిగింది గానీ, చక్రాల కుర్చీలో ఉన్నాయనకి వినిపించనే వినిపించింది.

నర్సు మొహం చిట్లించింది. “ఆయనేం చేశారండీ?”

“రోజూ మా తమ్ముడు కరెంటు గదిలోకెళ్ళే వేళకి సరిగ్గా ఎదురొస్తాడు. చచ్చుబడ్డ ఆ కాళ్ళు చూసి వీడు వణికిపోతున్నాడు.”

వణకడా మరి! వెన్నులో గడ్డ. డాక్టర్లే ఎప్పుడో గాని చూడని రకం. కోసి తీశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, పీడ వదిలిందనుకుంటే రెండేళ్ళకే మళ్ళీ లేచింది. ఇప్పుడు అదే చోట రెండోసారి కరెంటు. తక్కువైతే గడ్డ చావదు, ఎక్కువైతే నడుం కింద చచ్చుబడుతుంది. బస్సు నడిపేవాడికి కాళ్ళు పోతే ఇంకేముంది?

కుర్చీ ఆయన తనే చక్రాలు తిప్పుకుంటూ దగ్గరికొచ్చాడు.

“బాబూ, కాలివేళ్ళు ఆడుతున్నాయా?”

“ఆడుతున్నాయండీ,” అన్నాడు తమ్ముడు.

“తిమ్మిరి?”

“ఏమయ్యా, నీ నోట మంచిమాటే రాదా?” అక్క కస్సుమంది. “నీకు పోయాయని అందరికీ పోవాలా? నీ దిష్టి మాకొద్దు. రేపట్నుంచి ఇటు రాకు!”

ఆయన తలూపాడు. మర్నాటి నుంచి రాలేదు.

హమ్మయ్య అనుకుంది అక్క.

ఇరవై అయిదో రోజుకి కరెంటు పూర్తయింది. తమ్ముడు గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ బయటికొచ్చాడు.

డాక్టరు మాత్రం నవ్వలేదు.

“గడ్డ ఆగిందంతే, పోలేదు. మళ్ళీ లేస్తే ఇక మా చేతుల్లో ఏమీ లేదు. నడిచినన్నాళ్ళు నడవనివ్వండి.”

అక్క వరండాలో కూలబడి బావురుమంది. నర్సు వచ్చి పక్కన కూర్చుంది.

“ఆయన్ని అన్ని మాటలన్నాను కదమ్మా, ఆ ఉసురే తగిలిందేమో. కనబడితే నోరు జారానని చెప్పండి.”

“సోమవారం చనిపోయారండీ.”

“అయ్యో! ఏం జబ్బు?”

“మీ తమ్ముడిదే.”

“మరి ఒక్క ముక్కయినా చెప్పలేదే!”

“చెబితే మీరు బెదిరిపోయి మధ్యలో మానేస్తారని మమ్మల్నీ చెప్పనివ్వలేదు. చివరిదాకా రోజూ ఫోన్ చేసి కనుక్కున్నారు.”

“మేం ఆయనకి ఏమవుతామని?”

నర్సు అక్క చెయ్యి పట్టుకుంది.

“రెండోసారి కరెంటు ఎంత పెట్టాలో డాక్టరు గారికే తేలనప్పుడు, ముందు నాకే పెట్టి చూడండన్నారాయన. ఆయన కాళ్ళు పోయాకే మీ తమ్ముడికి మోతాదు తగ్గించి పెట్టారు.”