తుడవని ఇల్లు

బూడిద చెరువు పక్కనున్న ఆ కాలనీలో ఇళ్లు తుడవడం మానేసి నాలుగేళ్లయింది. బొగ్గు కరెంటు కేంద్రం నుంచి వచ్చి పడే బూడిదలో ఫోన్లకు పనికొచ్చే గ్యాలియం అనే లోహం ఉందని తెలిశాక, చుట్టాలు వెళ్లేటప్పుడు వాళ్ల బట్టలు కూడా దులిపి మరీ పంపుతున్నారు.

వారం వారం వచ్చి బూడిద కొనుక్కెళ్లే నాగూర్, భ్రమరాంబగారింట్లో బూడిదకి లోహాలు కొలిచే మీటరు పెట్టాడు.

"గ్యాలియం వీధి మొత్తానికీ మీదే ఎక్కువండీ."

"పక్కింటి మాణిక్యం వాళ్లకంటేనా?" ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఆర్సెనిక్ కూడా మీదే ఎక్కువండీ. అది విషం. పాప దగ్గు దానివల్లేనేమో. కిటికీలు మూసి, తడిగుడ్డ పెట్టండి."

"మేం మూస్తే వాళ్లు ఫస్టొస్తారు కదయ్యా?"

"వస్తారండీ."

భ్రమరాంబగారు ఆలోచించారు. ఆలోచించినంతసేపూ మూడేళ్ల మనవరాలు చాప మీద దగ్గుతూనే ఉంది.

ఆవిడ లేచి కిటికీలన్నీ మూసి, నేల తుడిచారు. బకెట్టుతో పెరట్లోకి రాగానే గోడ అవతల్నుంచి మాణిక్యం కేకేసింది.

"వదినగారూ, ఆ నీళ్లు పారబోయకండి, మాకివ్వండి! డాబా మీద ఆరబెట్టుకుంటాం."

"విషమమ్మా ఇది. నువ్వూ తుడుచుకో."

"ఫస్టొచ్చాక అందరూ ఇలాగే చెప్తారు లెండి."

లోపల పాప, పుట్టాక మొదటిసారి బూడిద లేకుండా కనిపిస్తున్న తడి నేలని వేలితో ముట్టుకుని చూస్తోంది.

"అమ్మమ్మా, మన ఇల్లు ఎర్రగా ఉంటుందా?"