గంగమ్మపాలెం మనిషి

అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతున్న కారులో సింహాచలం తన ఊరి పేరు మళ్ళీ మర్చిపోయాడు.

"గంగమ్మపాలెం," అన్నాడు ఇంజనీరు లక్ష్మీప్రసాద్, ఐదోసారి.

సింహాచలం జాలరి కాదు. విశాఖపట్నంలో షూటింగులకీ, పార్టీ మీటింగులకీ మనుషులు కావలసి వస్తే వెళ్ళే రకం. రైతుగా నిలబడమంటే రైతు, భక్తుడిగా కూర్చోమంటే భక్తుడు. ఈవేళ జాలరి. రిసార్టు కంపెనీ ఏరి మరీ పంపింది.

కంపెనీకి పనసగుడ కావాలి. కొండ అంచున నలభై గడపల ఊరు. పొద్దున్నే తలుపు తీస్తే లోయ నిండా మబ్బులు. ఆ మబ్బుల్ని అద్దాల గదుల్లోంచి చూపిస్తే జనం ఎగబడి వస్తారు. కానీ గిరిజనుల ఏజెన్సీ ప్రాంతం కదా, గ్రామసభ సరేననందే గడ్డపార దిగదు. అందుకే లక్ష్మీప్రసాద్‌ని పంపారు. పన్నెండేళ్ళ కిందట గంగమ్మపాలెం అనే నూరిళ్ళ జాలరి ఊరిని బీచ్ రిసార్టుగా మార్చింది అతనే. దానికి అవార్డు కూడా వచ్చింది.

పోయిన నెల ఆ రిసార్టు ఫొటోలు పట్టుకెళ్ళి పనసగుడలో పంచాడు. నీలంగా ఈతకొలను, గొడుగుల కింద తెల్ల కుర్చీలు. కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. వార్డు మెంబరు చిట్టెమ్మ మాత్రం ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ ఊళ్ళో మనుషులేరీ అని అడిగింది. ఆమె కాఫీతోటలోనే కొత్త రిసార్టు రిసెప్షను రావాలి. ఊరు ఆమె మాట దాటదు.

"మేం పిల్లనిచ్చీ ముందు ఆ ఇంటి పెద్దకోడల్ని అడుగుతాం బాబూ. నీకు ఆ సముద్రం కాడి ఊరు పెద్దకోడలు. ఆ ఊరి మనిషినొకడ్ని తీసుకురా. అడిగి సెప్తాం."

కాదనడానికి ఏముంది? లక్ష్మీప్రసాద్ గంగమ్మపాలెం వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాడు. వాళ్ళిప్పుడు సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, హైవే పక్క కాలనీలో ఉన్నారు. సగం మంది మగవాళ్ళు గుజరాత్ వెళ్ళి ఎవరి బోట్ల మీదో పనిచేస్తున్నారు. కారు దిగిన మనిషిని చూసి అరుగుల మీది వాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఒక్కరూ పేరుపెట్టి పలకరించలేదు. ఎండుచేపలు ఆరబెడుతున్న యర్రమ్మ అనే ముసలామె మాత్రం గ్లాసుతో నీళ్ళు తెచ్చి కారు బానెట్ మీద పెట్టి, మాటా పలుకూ లేకుండా తన పనిలో పడింది. తిట్టినా బాగుండేది. ఆ నీళ్ళు తాగడానికి అతనికి ముఖం చెల్లలేదు.

ఎవరూ వచ్చేలా లేరని కంపెనీకి చెబితే, దానికి ఆ ఊరివాడే కావాలా ఏమిటి అని నవ్వారు. మర్నాటికి సింహాచలం సిద్ధం. లక్ష్మీప్రసాద్ వద్దనలేదు. అనలేకపోయాడు. అంతకన్నా సిగ్గుచేటు, దారి పొడవునా అతనికి పాఠం చెబుతూ వచ్చాడు.

"చేపలు పట్టేవాణ్ణి అనకు. వేటకెళ్ళేవోణ్ణి అను. అరిచేతులు మాత్రం చూపించకు. వల తాడు లాగిన చేతులు అంత మెత్తగా ఉండవు."

సింహాచలం మెచ్చుకోలుగా చూశాడు. "బాగా స్టడీ చేశారు సార్."

లక్ష్మీప్రసాద్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పనసగుడ బడి ముందు సభ. సింహాచలం ఇరగదీశాడు. ఒకప్పుడు తుపానొస్తే ఇల్లు ఎగిరిపోయేదట, ఇప్పుడు మేడలో ఉంటున్నాడట. కూతురు రిసెప్షనులో ఇంగ్లీషు మాట్లాడుతోందట. మా ఊరు బంగారమైపోయిందని చెప్పి, ఎవరూ అడక్కుండానే కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు జాలిగా చూశారు. మంగ్లు అనే కుర్రాడు డ్రైవరు ఉద్యోగాలుంటాయా అని వాకబు మొదలుపెట్టాడు. రిజిస్టరు తెరిచారు. వేలిముద్రల కోసం సిరా డబ్బా వచ్చింది.

మెంబరు కాబట్టి చిట్టెమ్మదే మొదటి ముద్ర. ఆమె సిరాలో వేలు ముంచి, కాగితం మీద పెట్టకుండా ఆగింది.

"ఇంత బాగా మా కోడళ్ళెవరూ సెప్పలేదు," అంది. లక్ష్మీప్రసాద్ వైపు తిరిగింది. "నువ్వు సదూకున్నోడివి, అబద్ధమాడవు. ఈయన ఆ ఊరోడేనా బాబూ? అవునంటే ఏలెట్టేత్తాను."

అవునంటే అయిపోయేది. సింహాచలం కూడా అనండి సార్ అన్నట్టే చూస్తున్నాడు. సిరా అంటిన ఆ వేలు గాలిలో అలాగే ఉంది. నమ్మి అడిగిన మనిషి ముందు లక్ష్మీప్రసాద్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కాదమ్మా," అన్నాడు.

సభలో గుసగుసలు లేచాయి. సింహాచలం మెల్లిగా కారు వైపు జారుకున్నాడు. చిట్టెమ్మ మాత్రం కదల్లేదు.

"నూరిళ్ళ ఊరంటన్నావు. పై ఊర్నుంచొచ్చిన ఇంజనీరువి. కాదని ఎలా సెప్తన్నావు, అక్కడోళ్ళందరూ నీకు తెలుసేటి?"

లక్ష్మీప్రసాద్ నేలచూపులు చూస్తూ అన్నాడు.

"అందరూ తెలుసమ్మా, ఆ ఊళ్ళో జేసీబీ పెట్టి నేను ముందుగా పడగొట్టించింది మా అయ్య ఇల్లే."