ఈరోజు తప్పు

బడి వదిలాక ప్రతి టీచరూ ఆ రోజు చేసిన తప్పొకటి గోడమీది పెట్టెకు చెప్పాలి. మేం ఎదగడానికట. చెబితేనే గేటు తెరుచుకుంటుంది. బోర్డు సరిగ్గా తుడవలేదనో, గొంతు పెంచాననో పదేళ్లుగా అబద్ధాలే చెబుతున్నాను.

నా భార్య సువర్చల కూడా ఇక్కడే టీచరుగా ఉండేది. ఒకరోజు ఆమె నిజం చెప్పింది: "మూడో తరగతికి భిన్నాలు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను." పెట్టె ఆమెను మన్యంలోని బడికి మార్చింది. అక్కడే జ్వరంతో పోయింది.

నిన్న పెట్టె అంది: "నరహరి మాస్టారూ, మీ మాటల్లో నిజాయితీ లేదు. ఇలాగైతే ఉద్యోగం ఉండదు. ఈ నమూనా వినండి."

సువర్చల గొంతు. అవే భిన్నాలు.

"ఇప్పుడు మీ తప్పు చెప్పండి."

"నిజమే చెప్పమని ఆమెకు చెప్పింది నేనే."

"భేష్ మాస్టారూ! ఎదిగారు. దీన్నీ నమూనాగా అన్ని బళ్లకూ పంపిస్తాను."

గేటు తెరుచుకుంది.